పచ్చిరంగు బిళ్ల

నాలుగు రోజులుగా మా ఇంట్లో తడిసిన కాగితం వాసన. హాల్లోనూ పడకగదిలోనూ గోడకూ గోడకూ తాళ్లు కట్టి, బట్టలు ఆరేసే క్లిప్పులతో డైరీలను వేలాడదీసి, పగలూ రాత్రీ ఫ్యాన్లు తిప్పుతున్నాను. వానాకాలం వెళ్లాక ఒక ఎండ రోజు చూసుకుని డైరీలన్నీ బాల్కనీలో పరచడం, దుమ్ము దులిపి పేజీల మధ్య ఎండు వేపాకు పెట్టడం, సంవత్సరాల వరుస తప్పకుండా తిరిగి ట్రంకులో సర్దడం నా పద్ధతి. తాలూకా ఆఫీసు రికార్డు రూములో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషిని, కాగితం తడవకూడదన్నది నాకు ఒంట్లో ఇంకిపోయిన మాట. అయినా ఈసారి మా మడికొండలో చెప్పాపెట్టకుండా వాన పడింది. పక్క ఫ్లాటు రజిత పరుగున వచ్చేసరికి డైరీలన్నీ బయట నానుతున్నాయి, నేను మాత్రం అరచేతిలో పట్టే ఒక రేకు డబ్బాను కొంగులో చుట్టుకుని, గోడకు ఆనుకుని వణుకుతున్నాను.

"ఏంది అమ్మమ్మా, గీ డబ్బ కోసం పుస్తకాలన్నీ ఇడిసిపెట్టినవా? బంగారమా ఏంది?" అని నవ్వింది రజిత.

కాదన్నాను. ఏమిటో చెప్పలేదు. చెప్పాలంటే నేను పెరిగిన నేతగాళ్ల పేట, కొత్తవాడ నుంచి మొదలుపెట్టాలి.

నాకు పదకొండేళ్లప్పుడు మేముండే సందులో ప్రతి ఇంట్లోనూ ఒక గుంటమగ్గం ఉండేది. పొద్దున చీకటి విడవకముందే ఏదో ఒక ఇంట్లో మగ్గం మొదలయ్యేది, దానికి జవాబన్నట్టు పక్కింట్లో ఇంకొకటి, అన్నం గిన్నెలు కడిగే వేళకు సందంతా ఒకటే టకటక, ఆ చప్పుడు లేకుండా మాకు మాట్లాడుకోవడం కూడా రాదన్నట్టు అందరం గొంతు పెంచి మాట్లాడేవాళ్లం. వాకిళ్లలో నూలుకు పట్టించే గంజి పులిసిన వాసన, సందు చివర రంగుల సాంబయ్య పెరట్లో ఉడికే బానల ఘాటు వాసన, ఎండకు వేలాడే ఎరుపు పచ్చ నీలం నూలు చిలపలు, వాటి కింద వంగి దూరుతూ మేం ఆడే దొంగాట, తొక్కుడుబిళ్ల. బతుకమ్మ తొమ్మిది రోజులూ పిల్లలం ఒక ఇంటి మలీద తిని ఇంకో ఇంటి సత్తుపిండికి పరుగెత్తేవాళ్లం, నువ్వులదా పల్లీలదా అని పొట్లం విప్పకముందే వాసన బట్టి చెప్పేవాళ్లం. అదంతా ఎప్పటికీ అలాగే ఉంటుందనుకున్నాను.

ఆ ఏడు చప్పుడు ఆగింది. నూలు ధర ఎక్కడో మిల్లుల దగ్గర పెరిగిందన్నారు, నేసిన గుడ్డ కొనేవాడు లేడన్నారు. మాకు నూలిచ్చి, గుడ్డ తీసుకుని, కూలి ఇచ్చే సావుకారు ఒక రోజు దుకాణానికి తాళం వేసుకుని పోయాడు. ఒక్కొక్క మగ్గమే ఆగిపోతుంటే నాకు భయమంటే ఏమిటో మొదటిసారి తెలిసింది. భయం చీకటిలో ఉంటుందనుకునేదాన్ని, అది పట్టపగలు చప్పుడు లేని సందులో ఉంది. మా ఎదురింటివాళ్లు మిల్లుపనికి షోలాపూరు పోయారు, ఆ పక్కవాళ్లు భీవండి పోయారు. బడికి పోతూ తలుపులకు పడ్డ తాళాలు లెక్కపెట్టేదాన్ని. నిన్నటికంటే ఇవాళ ఒకటి ఎక్కువ. ఏదో ఒక రోజు బడి నుంచి వచ్చేసరికి మా తలుపుకూ తాళం ఉంటుందేమోనని, మలుపు తిరిగేటప్పుడు కళ్లు మూసుకుని పది అడుగులు నడిచి, తర్వాత తెరిచేదాన్ని. బాపు కూడా పని వెతుక్కుంటూ భీవండి పోయాడు. ఉత్తరం రాలేదు. ఇంట్లో నాయినమ్మ, అమ్మ, అమ్మ చంకలో ఆరునెలల తమ్ముడు, నేను మిగిలాం.

వర్ధన్నపేట దిక్కు ఒక ఊరి నుంచి ఎల్లక్క శనివారం శనివారం బండి కట్టుకుని జొన్నలు అమ్మడానికి వచ్చేది. పొడుగు మనిషి, చుట్ట తాగేది, ఎడ్లను తిట్టినంత ప్రేమగా మనుషులను తిట్టేది. ఆ శనివారం సందంతా తిరిగినా ఒక్క మానిక కొలత జొన్నలు కూడా అమ్ముడుపోలేదు, ఎవరి దగ్గరా పైసలు లేవు. మా అరుగు మీద కూలబడింది.

"పైసల్లేవు ఎల్లక్కా, తువ్వాలలున్నయ్, తీస్కపో," అంది నాయినమ్మ.

"తువ్వాలలు ఒండుకొని గటక లెక్క తింటనా అవ్వా? మా ఊరోళ్లకు ఇప్పుడు గుడ్డతోని ఏం పని? చలి వెడితె దుప్పట్లు గావాలె, పెండ్లిళ్లొస్తె ధోతులు గావాలె."

"అయితే జొన్నలు ఇప్పుడియ్యి, గుడ్డ అప్పుడు తీస్కో."

"ఉత్త మాట మీదనా? రేపు మా ఊరోళ్లు గుర్తేదని నా కొంగు వట్టుకొని గుంజరా?"

మా అరుగు మీద నాయినమ్మకు ఒక చిన్న మగ్గం ఉండేది, మంచాలకు అల్లే నవారు దాని మీద నేసేది. లేచి దాని ముందు కూర్చుని, తెల్లటి నవారులో రెండు వేళ్ల పొడుగు ముక్క నేసి, ఆ కొసా ఈ కొసా మూడేసి ఎర్రపోగులు దూర్చి, కోసి, అంచులు కుట్టి ఎల్లక్క చేతిలో పెట్టింది. "ఇది గుర్తు. ఇది తెచ్చినోళ్లకు ఈ సందుల ఏ ఇల్లయినా గుడ్డ ఇస్తది."

అలా మొదలైంది. మేం దాన్ని బిళ్ల అనేవాళ్లం. ఒక బిళ్లకు ఒక మానిక జొన్నలు, నాలుగు బిళ్లలకు ఒక తువ్వాల. ఎవరు ఎంత గుడ్డ తెచ్చి సందు పెద్దమనిషి మల్లయ్య ఇంట్లో పెడితే వాళ్లకు అన్ని బిళ్లలు. కొన్నాళ్లకు మంగలి, గానుగ నూనె అమ్మేవాడు, కుండలు చేసేవాళ్లు కూడా బిళ్ల తీసుకోవడం మొదలుపెట్టారు. ఎర్రనూలు సాంబయ్య, రంగు వెలవకుండా పటిక వేసి రెండుసార్లు ఉడికించి ఇచ్చేవాడు, అది మల్లయ్య ఇంట్లో పెట్టెలో ఉండేది. శుక్రవారం పొద్దున తప్ప దాన్ని బయటికి తీయరు, పదిమంది చూస్తుండగా తప్ప నాయినమ్మ బిళ్ల నేయదు. నేసేది మా ఇంటి మనిషే అయినా, మా గుడ్డ అయిపోవచ్చినా మాకు ఒక్క బిళ్ల ఎక్కువ రాలేదు. మగ్గానికి నూలు లేదు, నేసే బాపు లేడు, వారానికి నాలుగు బిళ్లలు వచ్చేచోట రెండు, తర్వాత ఒకటి.

ఒక మధ్యాహ్నం బడి నుంచి ముందుగా వచ్చాను. వంటింట్లో అమ్మ గోడవైపు తిరిగి అన్నం తింటోంది. చెయ్యి గిన్నెలోకి పోతోంది, నోటికి వస్తోంది, దవడ కదులుతోంది. దగ్గరికి పోయి చూస్తే గిన్నె తుడిచిపెట్టినట్టుంది. తాను పస్తుందని నాయినమ్మకు అనుమానం రాకుండా అలా తింటోంది. నన్ను చూసి వేలు పెదవులకు అడ్డం పెట్టుకుంది. తమ్ముడు ఆమె రొమ్ము పట్టి గుంజుతున్నాడు, పాలు రాక ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు రోజురోజుకూ సన్నబడుతోందని నాకు అప్పుడే తట్టింది. తాళాలు లెక్కపెట్టడం మానేసి ఆ రాత్రి నుంచి వాడి ఊపిరి లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

నేనేం చేశానో చెప్తాను. సాంబయ్య పెరటికి పోయాను. మోచేతుల దాకా ఎర్రటి చేతులతో బానలో కర్ర తిప్పుతున్నాడు. పిల్లలంటే ఆయనకు ప్రేమ, బొమ్మలకు చీరలని అడిగితే తెగిన పోగులు ఇచ్చేవాడు.

"తాతా, నా బొమ్మకు ఎర్రచీర నేస్త. జరంత నూలియ్యవా?"

"అబ్బో, పెండ్లా బొమ్మకు? నన్ను పిలుస్తవా లేదా?" అని, బానలో నుంచి తీసి దండెం మీద వేసిన చిలపలోంచి రెండు మూరలు తెంపి ఇచ్చాడు. "ఇది పచ్చిరంగు బిడ్డా, ఇంక ఉడకలే. నీళ్లు తాకిందంటే ఏడుస్తది, జాగర్త. చీర గట్టినంక బొమ్మను దెచ్చి చూపియ్యాలె."

మరునాడు మిట్టమధ్యాహ్నం, సందంతా తలుపులు ఓరగా వేసుకుని పడుకున్న వేళ, నాయినమ్మ అరుగు చివర చాప మీద నిద్రపోతుంటే, ఆమె మగ్గం ముందు కూర్చున్నాను. తెల్లపడుగు దాని మీదే ఉంది. నవారు నేయడం నాకు వచ్చు, ఏడేళ్లప్పుడే నాయినమ్మ నేర్పింది. అరుగు మీది కాకి అరిచినా చెయ్యి ఆపి నాయినమ్మ వైపు చూసేదాన్ని. రెండు బిళ్లలు నేశాను. రెండోది నేస్తుండగా పడుగులో ఒక పోగు టప్పున తెగింది. అలాగే వదిలేసి ఉండొచ్చు, రెండు వేళ్ల ముక్కలో ఒక్క పోగు లేకపోతే ఎవరికీ కనపడదు. కానీ మా ఇళ్లలో తెగిన పోగును వదలడం ఎవరికీ చేతకాదు. నా ప్రమేయం లేకుండానే వేళ్లు రెండు కొసలూ పట్టుకుని, మెలివేసి, ముడివేసి, నేత కిందికి తోసేశాయి. నాది ఎడమచేతి వాటం. అందరి ముడీ ఒకవైపు తిరిగితే నా ముడి ఇంకోవైపు తిరుగుతుంది. అది అప్పుడు గుర్తు రాలేదు.

శనివారం ఎల్లక్క నా బిళ్లలు తీసుకుని చూడనైనా చూడకుండా కొంగున ముడేసుకుని, రెండు మానికలు పైన పిడికెడు కొసరు వేసి కొలిచింది. పట్టి చూసి ఉంటే ఇంత భయం ఉండేది కాదు. ఆమె చూడకపోవడమే నన్ను పట్టుకుంది. ఎల్లక్క ఎడ్లకు నీళ్లు పెట్టినందుకు ఇచ్చిందని అమ్మతో అబద్ధం చెప్పాను. ఆ రాత్రి అమ్మ నా ఎదురుగా కూర్చుని నిజంగా తిన్నది. జొన్న గటకలో పచ్చిమిరపకాయ తొక్కు నంజుకుని, వేళ్లు నాక్కుని, సిగ్గుపడి నవ్వింది. తమ్ముడు రెండోనాటికి గట్టిగా ఏడ్చాడు. ఆ ఏడుపు విని సంతోషపడాల్సిన నేను, రోజుకు పదిసార్లు చేతులు కడుక్కున్నాను. గోళ్ల సందుల్లో ఎరుపు పోలేదు.

ఆ వారంలో ఒకే ఒక్క వాన పడింది.

తర్వాతి శనివారం ఎడ్ల మెడలో గంటలు సందు మొదట్లోనే ఆగిపోయాయి. ఎల్లక్క బండి దిగి, తెల్లచీర కొంగు ముందుకు చాపుకుని నడిచి వచ్చింది. కొంగు మీద జానెడు ఎర్రమరక.

"అవ్వా! మీ బిళ్లలు ఏడుస్తానయ్ సూడున్రి!" అని అరిచింది. "మొన్నటి వానకు ఏడ్సినయ్. మా ఊరోళ్లు సూసిండ్రు. సాలోళ్ల గుర్తు గిదేనా అంటాన్రు. ఈ రెండు బిళ్లలు ఎవ్వలియో తేలేదాంక గింజ దింప. బండి గిట్లనే మర్లుతది."

బండిలో నాలుగు బస్తాలు. సందులో ఎన్ని పొయ్యిలున్నాయో అన్ని పొయ్యిలూ వాటి కోసం కాచుకుని ఉన్నాయి. ఆడవాళ్లు చేటలు పట్టుకుని వచ్చినవాళ్లు వచ్చినట్టే నిలబడిపోయారు. మల్లయ్య కాగిన నీళ్లు తెప్పించి, అందరి బిళ్లలూ తెమ్మన్నాడు. ఒక్కొక్కటే ఇత్తడి గంగాళంలో ముంచి తీశారు. నీళ్లు తేటగానే ఉన్నాయి. చివరికి ఎల్లక్క రెండూ వేసింది. వాటి చుట్టూ ఎరుపు పొగలా లేచింది.

"ఎరుపు ఎవ్వని పెరట్ల దొరుకుతది?" అన్నారెవరో. అంతే, తలలన్నీ సాంబయ్య వైపు తిరిగాయి.

"పటిక ఎగవెట్టినవా సాంబన్నా, కాదా నువ్వే నేసినవా?"

"చేతులు సూడున్రి, ఇంక ఎర్రగనే ఉన్నయ్!"

"నా చేతులు ఎన్నడు ఎర్రగలేవురా?" అన్నాడు సాంబయ్య. నవ్వబోయాడు, ఎవరూ నవ్వలేదు. ఒకడు ఆయన భుజం పట్టి తోశాడు. ఆయన తూలి, నిలదొక్కుకుని, జనంలో అమ్మ కొంగు వెనక నిలబడ్డ నన్ను చూశాడు. పచ్చిరంగు నూలు ఎవరికిచ్చాడో ఆయనకు తెలుసు. ఆయనకు తెలుసని నాకూ తెలుసు. ఎంతసేపు చూశాడో చెప్పలేను. నా కాళ్ల మధ్య వెచ్చగా తడి అయింది. ఇప్పుడు చెప్తాడు, ఇప్పుడు, ఇప్పుడు అనుకున్నాను. ఆయన కళ్లు దించుకుని, "నాకు తెల్వది," అన్నాడు.

నాయినమ్మ గంగాళంలో చెయ్యి పెట్టి ఆ రెండు బిళ్లలనూ తీసింది. ఆమె చూపు అప్పటికే మసకబారింది, అన్నీ వేళ్లతోనే చూసేది. మొదటిదాని మీద బొటనవేలు పోనిచ్చింది. రెండోదాని మీద పోనిచ్చి, ఒకచోట ఆగింది. అక్కడే వెనక్కీ ముందుకూ రెండుసార్లు రుద్దింది. నేను కళ్లు మూసుకున్నాను, సందు మలుపులో మూసుకున్నట్టు.

"సాంబయ్యను ఇడువున్రి," అంది ఆమె గొంతు. "ఇవి నేను నేసినయే. పెట్టెల నూలు సాలకపోతె ఇంట్ల ఉన్న పచ్చినూలు ఏసిన. ముసల్దాన్ని, మతి తప్పింది. మా ఇంటి బిళ్లలు రెండు ఎల్లక్కకియ్యి మల్లయ్యా."

శుక్రవారం పదిమంది ముందు నేసే మనిషి ఇంటి నూలు ఎప్పుడు వేసిందని ఎవరైనా అడగొచ్చు. అడిగితే బండి తిరిగిపోతుంది. ఎల్లక్క నాయినమ్మ ముఖంలోకి చాలాసేపు చూసి, చుట్ట ముట్టించుకుని, "దింపున్రి," అంది.

బస్తాలు దించాక మల్లయ్య మెల్లిగా అన్నాడు: "ఇగ బిళ్లలు ఇంకెవ్వలన్న నేస్తరు పెద్దమ్మా. ఏమనుకోకు."

నాయినమ్మ తల ఊపింది. ఆ సాయంత్రమే ఆమె చిన్న మగ్గాన్ని విప్పి మల్లయ్య ఇంటికి మోసుకుపోయారు. అరుగు మీద దాని కాళ్ల గుర్తులు నాలుగు మిగిలాయి. ఆ తర్వాత రెండు వారాలూ మాకు రావలసిన బిళ్ల ఎల్లక్కకు పోయింది. గటక వండిన రోజున నాయినమ్మ తనకు ఆకలి లేదంది. అమ్మలా ఉత్తి గిన్నెతో తిన్నట్టు నటించే శ్రమ కూడా ఆమె పడలేదు.

రాత్రి నా పక్కన పడుకుని చెవిలో చెప్పింది. "ముడి మంచిగ ఏసినవ్. ఊడలే." నేను ఏడవబోతే నోరు మూసింది. "మీ అమ్మకు చెప్పకు. తిన్నది కక్కిపిస్తవా?"

అప్పటి నుంచే నేను డైరీ రాస్తున్నాను. ఎవరికీ చెప్పకూడనిది ఒకటి ఉండేసరికి, మిగతావన్నీ రాయకుండా ఉండలేకపోయాను. బడి నోటు పుస్తకంలో మొదటి వాక్యం, "ఈ రోజు బండి వచ్చింది, జొన్నలు దించినారు." అంతే ఉంది.

మూడోనాడు నాయినమ్మ ఆరిన ఆ రెండు బిళ్లల్లో ముడి ఉన్నదాన్ని తీసి, పుల్లకు గుడ్డ చుట్టి చేసిన బొమ్మకు అడ్డంగా చుట్టి కట్టి నా చేతిలో పెట్టింది. "సాంబయ్యకు చూపిస్తనన్నవట గదా. పోయి చూపియ్యి." ఆయన చెప్పాడా, ఆమే ఊహించిందా, ఇప్పటికీ తెలియదు. ఆ సందు చివరకు నడిచినంత దూరం నేను మళ్లీ ఎక్కడికీ నడవలేదు. బొమ్మను చాచి గడప దగ్గరే నిలబడ్డాను. సాంబయ్య కర్ర బానకు ఆనించి, చేతులు పంచెకు తుడుచుకుని, వెలిసి గులాబీరంగు తిరిగిన ఆ చీరను వంగి చూశాడు.

"మంచిగున్నది బిడ్డా," అన్నాడు. "ఇగ నీళ్లల్ల ముంచకు."

మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. మరుసటి ఏడు నూలు వచ్చింది, బాపు వచ్చాడు, మగ్గాలు ఒక్కొక్కటే మొదలయ్యాయి. బిళ్లలన్నీ తిరిగొచ్చాక విప్పి, ఆ నూలుతో దీపాలకు వత్తులు చేసుకున్నారు. నాయినమ్మ మాత్రం మళ్లీ నవారు నేయలేదు.

ఈ మధ్య ఒకసారి ఆ సందుకు పోయాను. మగ్గం గుంటలు చాలా ఇళ్లలో సిమెంటుతో పూడ్చేశారు. సాంబయ్య పెరడున్న చోట బైకులు కడిగే షెడ్డు ఉంది, కాలువలో ఒట్టి సబ్బునీళ్లు పోతున్నాయి. ఆ బండి లేదు, ఆ మానిక లేదు, గంజి వాసన లేదు. ఇక్కడ మడికొండలో కూరగాయల బండి దగ్గర నేను ఫోను చూపిస్తే, డబ్బు అందిందని పెట్టె ఒకటి గట్టిగా అరుస్తుంది. కూరలమ్మే ఆమె నా ముఖం చూడకుండానే సంచి అందిస్తుంది. అప్పుడు ఒక్క క్షణం నాకు ఎల్లక్క కొంగు ముడి గుర్తొస్తుంది.

డైరీలు దాదాపు ఆరిపోయాయి. సిరా చాలాచోట్ల అలుక్కుపోయింది, కొన్ని సంవత్సరాలు ఇక చదవడానికి రావు. రజిత బాధపడుతోంది, నాకు పెద్దగా బాధ లేదు. ఇందాక చేతులు రెండుసార్లు పొడిగుడ్డతో తుడుచుకుని, రేకు డబ్బా మూత తీశాను. పుల్లబొమ్మ ఎప్పుడో విరిగిపోయింది, చీర ఉంది. వేలితో తడిమితే ముడి తగిలింది, ఎడమవైపు తిరిగి. ఎక్కడా తడి తగల్లేదు.